బొంత లోపలి పొర

బొంతకి మూడు పొరలుంటాయి. పైన కనపడేది ముక్కల పొర. రంగురంగులుగా, చూడముచ్చటగా ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు మెచ్చుకునేది దాన్నే. అడుగున నేలకి తగిలేది గట్టిబట్ట. ఈ రెంటికీ నడుమ ఇంకొకటి ఉంటుంది. పాతబట్టలు పరిచి, కదలకుండా కుట్టేస్తారు. అది ఎవరి కంటా పడదు. చలిని ఆపేది మాత్రం అదే.

నాయనమ్మ పనిలో కూర్చున్నప్పుడల్లా ఈ పాఠం చెప్పేది. పిచ్చుక ఆవిడ మోకాలికి ఆనుకుని, సూదుల్లోకి దారం ఎక్కిస్తూ వినేది.

పిచ్చుక అన్నది ముద్దుపేరు. అమ్మానాన్నా ఒకే ప్రమాదంలో పోయాక, ఆ పిల్లనీ తమ్ముణ్ణీ నాయనమ్మే తెచ్చుకుని పెంచింది. వచ్చినప్పుడు పిల్ల గుప్పెడంత ఉండేది. తలుపు కిర్రుమన్నా ఉలిక్కిపడేది. అందుకని పిచ్చుక అన్నారు. నలభై దాటి, జుట్టు నెరుస్తున్నా ఆ పేరే ఉండిపోయింది. కుడిమోకాలు వంగదు, నడవాలంటే చేతికర్ర కావాలి. ఎడమకంట్లో మసక. వాన పడిందంటే దగ్గు మొదలు. "వచ్చినప్పుడు బొంగరంలా తిరిగేదమ్మా. ఎవరి దిష్టి తగిలిందో ఏమో" అనేది నాయనమ్మ, అడిగినవాళ్ళతో, దాని తల నిమురుతూ.

ఆ ఆదివారం సాయంత్రం వాన కురుస్తోంది. నాయనమ్మ పోయాక ఇంటిల్లిపాదీ మళ్ళీ కలిసింది అప్పుడే. వీధిగదిలో కూర్చున్నారు. అది గదీ, కొట్టూ కూడా. బతికినన్నాళ్ళూ ఆవిడ బొంతలు కుట్టి అమ్మింది అక్కడే. కిటికీ అవతల ఇరుకు సందు. ఎదుటి లాండ్రీ నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన వస్తోంది. లోపల మాత్రం ఇంకా ఆవిడ వాసనే. కొత్త దూది, నొప్పుల మందు.

పొడుగుబల్ల మీద ఇంటి బొంత పరిచి ఉంది. ఎవరెంత అడిగినా ఆవిడ అమ్మని బొంత అదొక్కటే.

"ఏడుపులొద్దు" అన్నాడు పెదనాన్న, నాయనమ్మ పెద్దకొడుకు. "మా అమ్మ బతికినంత ఎవరు బతికారు? ఆవిడకి మందులు రాసిన డాక్టర్లందర్నీ ఆవిడే సాగనంపింది."

అందరూ నవ్వారు.

"పేకాటలో ఎంత తొండి చేసేదో!" అంది పెద్దత్త, ఆయన చెల్లెలు. "ముక్క ఒళ్ళో దాచేసేది. అడిగితే, 'కళ్ళు ఆనట్లేదమ్మా, ఎక్కడ పడిందో ఏమో' అనేది. ఆ కళ్ళతోనే సందు చివర నేనెవరితో మాట్లాడుతున్నానో కనిపెట్టేది."

"నిన్ను కనిపెట్టడానికి కళ్ళెందుకే? ఆ గొంతు చాలదూ!" అన్నాడు పెదనాన్న.

మాటలు బొంత మీదకి మళ్ళాయి. పెదనాన్న చారల చొక్కా ముక్క మీద వేలు పెట్టాడు. "ఇది నాది. ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. దగ్గితే రక్తం. అమ్మ నా చొక్కా కత్తిరించి ఇందులో కుట్టింది. నెల తిరక్కుండా లేచి కూర్చున్నా." పెద్దత్త పసుప్పచ్చ ముక్క చూపించింది. చూపు పోతుందన్న రోజుల్లో ఆమె తలకి కట్టుకున్న గుడ్డ అది. తమ్ముడిది నీలం ముక్క. మేడమీంచి పడి, ఇక నడవడనుకున్నప్పుడు కుట్టింది.

"'నీ జబ్బుని లోపల కుట్టేశాను, పో, ఆడుకో' అనేది" అన్నాడు తమ్ముడు నవ్వుతూ. తర్వాత బొంతంతా కలయజూశాడు. "అవునూ, అక్కా, నీ ముక్కేదీ?"

పెద్దత్త కిటికీలోంచి వాన చూడసాగింది.

"నాదెందుకురా" అంది పిచ్చుక. "నా బట్టలన్నీ ఆవిడకే ఇచ్చానుగా."

అది ఆమె గుండెల్లో దాచుకున్న సంగతి. చిన్నప్పుడు ఒకరోజు నాయనమ్మ ఆమెని దగ్గరికి లాక్కుని, చెవిలో చెప్పింది. "నీ పాతబట్టలు ఎవరికీ ఇవ్వకు. అన్నీ నాకే ఇవ్వాలి. నువ్వంటేనే నాకిష్టం. ఎవరికీ చెప్పకేం." ఆ ఒక్క మాటతో పిచ్చుక ఇన్నేళ్ళూ గడిపేసింది. మోకాలు సలిపిన రాత్రులు ఆ మాట తలుచుకునే నిద్రపోయేది. నాయనమ్మ మంచాన పడ్డాక ఒళ్ళు తుడిచింది, పక్కకి తిప్పింది, అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఎవరైనా జాలిపడితే లోలోపల నవ్వుకునేది. వీళ్ళకేం తెలుసు, నేనంటేనే ఇష్టం కదా అనుకునేది.

లోపలిగదిలోంచి మరదలు వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. తమ్ముడి కూతురికి మధ్యాహ్నం నుంచి జ్వరం. మందు వేసినా దిగడంలేదు.

"వదినా, ఆవిడే ఉంటే ఈపాటికి ముక్క కుట్టేసేది" అంది, పాప పచ్చగళ్ళ గౌను చేతికిస్తూ. "ఆ చేతిపని మీకే వచ్చింది. కుట్టరూ? నా తృప్తికోసం."

పిచ్చుక కాదనలేదు. ఆ పాపంటే ఆమెకి ప్రాణం. తక్కినవాళ్ళు జ్వరం చూడ్డానికి లోపలికి వెళ్ళారు. ఆమె గౌనుని బల్లమీద పెట్టి, దీపం దగ్గరికి జరుపుకుని కూర్చుంది.

ముక్క నిలవాలంటే కుట్టు లోపలి పొరదాకా దిగాలి. అందుకని బొంత అంచు జానెడు విప్పింది.

ముందు వాసన వచ్చింది.

పాతబట్టల వాసన కాదది. తలుపులు మూసిన రోగి గదిలో వచ్చే వేడి ఊపిరి వాసన. పిచ్చుక తల వెనక్కి తీసుకుంది. తర్వాత అంచు ఎత్తి చూసింది.

లోపల తన గౌను కనపడింది. జేబుమీద చిన్న పిట్ట కుట్టిన గౌను. ఆమెకి కళ్ళు చెమర్చాయి. "ఓసి నా బంగారు నాయనమ్మా, ఇక్కడ దాచావా నన్ను" అనుకుంది. ఇంకొంచెం విప్పింది. తన పైజమా. తన ఉన్నిటోపీ. ఇంకా, ఇంకా... పొర పొరంతా తన బట్టలే. ఇంకెవరివీ లేవు.

గౌను సరిగ్గా పెదనాన్న చారల ముక్క కింద ఉంది. ఛాతీ దగ్గర తుప్పురంగు మరక.

తను ఇచ్చినప్పుడు ఆ మరక లేదు.

టోపీ పెద్దత్త ముక్క కింద ఉంది. ఎడమవైపంతా పాలు ఒలికి ఎండిపోయినట్టు తెల్లటి మసక. పైజమా తమ్ముడి ముక్క కింద. దాని కుడికాలు మడవబోయింది. మడత పడలేదు. మోకాలి దగ్గర బట్ట కర్రలా బిగుసుకుపోయి ఉంది.

పిచ్చుకకి దగ్గు వచ్చింది. ఆపుకుంది. తన దగ్గు ఏ ఏడు మొదలైందో గుర్తొచ్చింది. పెదనాన్న లేచి తిరిగిన ఏడే. మోకాలు... తమ్ముడు పరిగెత్తిన ఏడు.

జబ్బుని లోపల కుట్టేశాను, పో, ఆడుకో.

లోపల... ఎవర్లో?

అప్పుడే బొంత కదిలింది. గాలి కాదు. కిటికీ మూసే ఉంది. లోపలి పొర మెల్లగా పైకి లేచింది... మెల్లగా దిగింది. మళ్ళీ లేచింది. నిద్రలో ఉన్న మనిషి ఛాతీలా.

"పిచ్చుకా..."

గుమ్మంలో పెద్దత్త. చేతిలో టీ గ్లాసు. విప్పిన అంచు చూసింది.

"నీకు తెలుసా అత్తా?" పిచ్చుక గుసగుసగా అడిగింది.

పెద్దత్త గ్లాసు కింద పెట్టింది.

"అమ్మ మమ్మల్ని అడిగింది" అంది. "ఎవరో ఒకరు లోపల ఉండాలంది. నాకు చంటిపిల్లలు. అన్నయ్య మీద ఇల్లంతా ఆధారపడి ఉంది. నీ తమ్ముడా, వంశానికి ఒక్కడు..."

"నేను?"

"నీకు... అడ్డుపడేవాళ్ళు ఎవరూ లేరే."

పిచ్చుకకి ఏడుపు రాలేదు. అన్నం పెట్టిన చెయ్యి, తల నిమిరిన చెయ్యి, చెవిలో ఆ మాట చెప్పిన నోరు... అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. తల నిమిరింది ప్రేమతో కాదా? సంతలో గొర్రెని నిమిరినట్టు, ఇంకా ఎంత మోయగలదో చూసుకోడానికా?

కత్తెర అందుకుంది. చారల ముక్క కింద కుట్టు ఒకటి పుటుక్కుమని తెగింది.

లోపలిగదిలో పెదనాన్న దగ్గాడు.

ఇంకో కుట్టు. దగ్గు తెరలు తెరలుగా మొదలైంది. పాత దగ్గు. లోపలెక్కడో తడిగా గరగరలాడే దగ్గు. "నీళ్ళు... నీళ్ళు తీసుకురా" అని తమ్ముడి కేక.

పెద్దత్త వచ్చి చెయ్యి పట్టేసుకుంది. "విప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను. అన్నయ్య పోతాడే..."

కత్తెర ఆగింది. చంపడం పిచ్చుక వల్ల కాదు. మొయ్యడమూ ఇక ఆమె వల్ల కాదు. బొంత మీదకి ఒంగి, విప్పిన అంచు దగ్గర నోరు పెట్టింది. ముసలావిడ ఒకప్పుడు తన చెవిలో మాట చెప్పినట్టే, పళ్ళ బిగువున, గుసగుసగా చెప్పింది.

"నాయనమ్మా, చాలు. నేనిక మొయ్యను. ఇంకెవరినైనా చూసుకో."

లోపలి పొర లేచింది.

ఆగింది.

మళ్ళీ దిగలేదు.

లోపలిగదిలో దగ్గు ఠక్కున ఆగిపోయింది. వేడి వాసనా పోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. పెద్దత్త గోడకి జారగిలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అంతలో లోపల్నుంచి మరదలి గొంతు సంతోషంగా వినపడింది. "జ్వరం దిగింది! వదినా, ఒళ్ళు చల్లబడింది, వచ్చి చూడండి!"

పిచ్చుకకి గుండె తేలికైంది. హమ్మయ్య, ముక్క కుట్టకుండానే తగ్గింది. పాప గౌను పాపకి ఇచ్చేద్దామని బల్లమీద చెయ్యి చాపింది.

గౌను లేదు.

బల్ల కింద చూసింది. లేదు. బొంత వంక చూసింది. తను విప్పిన అంచు మూసుకుని ఉంది. చిన్న చిన్న కుట్లు, ఎడమకి ఒరిగిన కుట్లు. అలా కుట్టే చెయ్యి ఈ ఇంట్లో ఒక్కటే ఉండేది. పైన ఎక్కడా పచ్చగళ్ళ బట్ట కనపడలేదు. దీపానికి అడ్డంగా ఎత్తి చూసింది. లోపలి పొరలో... అన్నిటికీ మీదుగా... గళ్ళు.

కుట్టు చివర దారం కొస ముట్టుకుంది. తడిగా ఉంది. నాయనమ్మ దారాన్ని ఎప్పుడూ కత్తిరించేది కాదు. పళ్ళతో కొరికేది.

పిచ్చుక లోపలిగదిలోకి పరిగెత్తింది.

పాప మంచంమీద కూర్చుని ఉంది. చుట్టూ నవ్వు మొహాలు. "చూశారా" అంటున్నాడు పెదనాన్న, కళ్ళు తుడుచుకుంటూ. "అమ్మ చేతి చలవ పిచ్చుకకి వచ్చింది. ఇక మనకి బెంగ లేదు."

పాప చేతులు చాపింది. పిచ్చుక ఒంగి దగ్గరికి తీసుకుంది. చల్లటి పెదాలు చెవికి తగిలాయి.

"అత్తా, నీకొక్కదానికే చెప్తా. తాతమ్మకి నేనంటేనే ఇష్టమట. నా పాతబట్టలన్నీ తనకే ఇవ్వాలట."

బయట వాన హోరెత్తుతోంది. పిచ్చుకకి దగ్గు రాలేదు. పాప కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ విడివిడిగా కనపడుతున్నాయి, ఎడమకంటికి కూడా. వీధిగదిలోంచి పరిగెత్తుకుంటూ వచ్చానని అప్పుడు తెలిసింది. చేతికర్ర లేకుండా.

పాప చిన్నగా దగ్గింది. దుప్పటి కింద కుడిమోకాలు రుద్దుకుంది.

ఒక్క మాట చాలు. వెనక్కి వెళ్ళి ఆ అంచు దగ్గర చెప్పాలి. "దాన్ని వదిలెయ్ నాయనమ్మా, నన్నే ఉంచుకో." ఆ మాట పిచ్చుక గొంతుదాకా వచ్చింది. లేచి నిలబడింది. మోకాలు ఎంత హాయిగా వంగింది... ఎంత హాయిగా... మాట గొంతులోనే ఉండిపోయింది.

గుమ్మంలోకి పెద్దత్త వచ్చింది. ఏడుపు ఆగిపోయింది. వీధిగదిలోంచి చేతికర్ర తెచ్చింది. పిచ్చుక చెయ్యి చాపింది. పెద్దత్త ఆమె వంక చూడలేదు. పక్కనుంచి నడిచి, పాప మంచం దగ్గర కర్రని గోడకి ఆనించింది.

పిచ్చుక నడుముదాకా వచ్చే కర్ర అది. గోడ పక్కన ఇప్పుడు పొట్టిగా నిలబడి ఉంది. పాప చేతికి సరిగ్గా సరిపోయేంత.