తడిసిన టోపీ నేల తాకలేదు

"కాదు ఐపెరీ, తల్లీ, టోపీ దగ్గర మొదలుపెట్టకు. ఎర్మెక్ వాళ్ళమ్మ జుమాగుల్ విన్నది ఆ ముక్క ఒక్కటే. 'నీ కొడుకు టోపీ ఆ పడవ పిల్ల నెత్తిన పెట్టుకుంది' అని ఎవరో కొండమీదికి మోసుకెళ్ళారు. అందుకేగా పెళ్ళి నిశ్చయానికి కోడలి చెవులకు పెట్టాల్సిన పోగులు పెట్టెలోంచి తియ్యనంటోంది. ముందు పడవ సంగతి రాయి. మీ తాతను, నెమ్మదిగా చెబుతాను."

ఎర్మెక్ నడక రాకముందే గుర్రమెక్కినవాడు. ఈ వేసవిలో ఇస్సిక్-కుల్ సరస్సు ఒడ్డున, టూరిస్టులను తిప్పే మోటారు పడవ మీద పనికి కుదిరాడు. పడవ నడపడం నేర్పాల్సింది మీ అక్క తొల్కున్. మొదటి రోజే అతని మణికట్టుకు ఎర్ర తాడు తగిలించి, రెండో కొస ఇంజిన్ మీటకు పెట్టింది.

"ఇదెందుకు? నేనేమన్నా దూడనా కట్టెయ్యడానికి?"

"నువ్వు నీళ్ళలో పడితే ఇది ఊడి ఇంజిన్ ఆగుతుంది. లేకపోతే పడవ తన దారిన పోతుంది. నీ గుర్రంలా వెనక్కొచ్చి వాసన చూడదు."

అతను ఉక్రోషంగా స్పీడు పిడిని చివరిదాకా తోశాడు. పడవ ముక్కు పైకి లేచింది.

"ఏం కనబడుతోంది?"

"ఆకాశం."

"మంచిదే. అక్కడ ఎవరూ ఈదరు."

పిడి మీది బొత్తం చూపించింది. కిందికి నొక్కితే ముక్కు దిగుతుంది, పైకి నొక్కితే లేస్తుంది. అతను దించాడు. సరస్సు కనబడింది. పక్కన ఆమె నవ్వు కూడా కనబడింది. అది చూస్తూ మళ్ళీ కాస్త ఎక్కువే లేపాడు. పడవ ముక్కు ఎగిరెగిరి పడసాగింది.

"దించు."

"ఆగు. గుర్రం తల విదిలిస్తే కళ్ళెం వదులు చెయ్యాలి, అదే సర్దుకుంటుంది." ఇంకా పైకి నొక్కాడు.

"ఇది గడ్డి తినదు బాబూ, దించు."

అంతలో గాలికి అతని తెల్ల ఉన్ని టోపీ ఎగిరి నీళ్ళలో పడింది. వాళ్ళమ్మ చేత్తో కుట్టిన టోపీ. మనలో మగవాడి టోపీ ఇంకొకరు పెట్టుకోకూడదు, నేల తాకకూడదు; దాన్ని పోగొట్టుకుని ఇంటికెలా వెళ్తాడు? ముక్కు దించకుండానే, స్పీడు తగ్గించకుండానే స్టీరింగ్ మొత్తం తిప్పేశాడు. ప్రొపెల్లర్ నీటి పట్టు తప్పి అరిచింది. పడవ పక్కకు ఒరిగి జారింది. తొల్కున్ అంచు దాకా జారిపోయింది.

ఎర్మెక్ టోపీ వైపు చూడలేదు. స్టీరింగ్ వదిలి ఆమె మీదికి దూకి భుజం పట్టుకున్నాడు. తాడు ఊడింది. ఇంజిన్ ఆగింది.



"తాడెందుకో తెలిసిందా?" అంది ఆమె.

"తెలిసింది."

"అయితే భుజం వదులు."

"వదలాలా?"

"వదిలితేనే నీ టోపీ దొరుకుతుంది. ఈసారి నువ్వే తిప్పు. ముందు స్పీడు తగ్గించు, ముక్కు దించు, తర్వాతే తిప్పు."

అతను తాడు తనే తగిలించుకున్నాడు. మెల్లగా గాలికి ఎదురుగా వెళ్ళి ఇంజిన్ ఆపాడు. ఆమె వంగి టోపీ అందుకుంది. పడవ అడుగున నీళ్ళు. బల్ల మీద పెడదామంటే మనుషులు కూర్చునే చోటు. అలలు పెరుగుతున్నాయి, అంచు పట్టుకోవడానికి ఆమెకు రెండు చేతులూ కావాలి.

"నా నెత్తిన పెట్టెయ్," అన్నాడు.

"నీళ్ళు కళ్ళలోకి కారతాయి. నడిపేవాడికి కళ్ళు కావాలి."

తన నెత్తిన పెట్టుకుంది. అంతే జరిగింది.

తిరుగు దారిలో అలలు వెనకనుంచి తోశాయి. అతను ముక్కు కాస్త లేపి, ముందున్న అలను దాటకుండా దాని వెనకే ఓపిగ్గా నడిపాడు. టోపీలోంచి నీళ్ళు ఆమె బుగ్గల మీదుగా కారుతుంటే చూడకుండా ఉండడమే అతనికి కష్టమైంది.

"తొల్కున్, ఒక మాట..."

"మలుపొస్తోంది. ముక్కు దించు."

దించాడు. తిప్పాడు.

"ఇప్పుడు చెప్పనా?"

"పడవ కట్టాక."

కట్టాడు. ఆమె టోపీ తీసి రెండు చేతులతో అందించింది. చెప్పాల్సిన మాట వదిలి, అతను టోపీలోని నీళ్ళు పిండాడు.

"రేపూ నేర్పుతావా?" అన్నాడు చివరికి.

"నీకు వచ్చేసిందిగా."

"రాత్రికల్లా మర్చిపోతాను."

ఆమె నవ్వింది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న నేను ఆ నవ్వు విన్నాను. ఆ తర్వాత రోజూ మర్చిపోతూనే ఉన్నాడు.

"రాశావా తల్లీ? రేపు గుర్రమెక్కి కొండమీది మేత బయళ్ళకు వెళ్ళి, జుమాగుల్‌కు ఇదంతా చదివి వినిపించు. ఆమె కుట్టిన టోపీని నేల తాకనివ్వని పిల్ల అని చెప్పు. పోగులు రుమాలులో మూట కట్టుకుని దిగితే, ఆమెను అవతలి ఒడ్డునుంచి పడవలోనే తెస్తాం. నడిపేది ఆమె కొడుకే. ఎర్ర తాడు మణికట్టుకే ఉంటుందనీ, ముక్కు దించకుండా తిప్పడనీ చెప్పు."