కంట్రోల్ ముక్క

మబ్బు పట్టి, మధ్యాహ్నమే ల్యాబులో లైట్లు వేశారు. పెద్దావిడ పాత మైనం దిమ్మెని కోత మిషనుకి బిగించింది. అందులో ఉన్నది ఎప్పుడో పోయిన ఎవరో ఆడమనిషి రొమ్ముగడ్డ ముక్క. హార్మోన్ పరీక్షకి ఇన్నేళ్లుగా అదే కంట్రోల్. మందు వేస్తే దానికి గోధుమరంగు వచ్చి తీరాలి. వస్తేనే రోగి ముక్క మీద ఫలితాన్ని నమ్మాలి.

"అందులో ఇంకేముందమ్మా, ముక్కంతా అరిగిపోయింది, ఒట్టి మైనం. కొత్తది తీయండి," అంది డాక్టరమ్మ.

"నా దిమ్మె సంగతి నాకు తెలుసు," అని పెద్దావిడ ఇంకో పొర కోసింది. ఒకరు చెబితే వినే ఘటం కాదు.

ఇవాళ్టి రోగి ఆమె తోడికోడలే. ఆపరేషనై పై వార్డులో ఉంది. ఓ పెళ్లిలో పదిమంది ముందు "అక్క చేతులు శవాల కంపు" అని ముక్కు మూసుకున్న మనిషి. ఆనాటి నుంచి మాటల్లేవు. అయినా పనిలో పగ చూపించే రకం కాదు పెద్దావిడ. తోడికోడలి ముక్క అంచుకి గుర్తుగా ఆకుపచ్చ సిరా తనే పూసింది. గోధుమరంగు వస్తే హార్మోను మాత్రలు పనిచేస్తాయి. రాకపోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

అద్దం పలకల మీద పొరలకి రంగులు వేయడం అయింది. మందుల ఘాటులో ఇంకేదో వాసన... తడి జుట్టు వాసన.

కంట్రోల్ అద్దం మైక్రోస్కోపు కింద పెట్టింది. మైనం ఉండాల్సిన చోట నిండా కణాలు. అన్నీ గోధుమరంగే. అంచున... ఆకుపచ్చ సిరా.

తర్వాత రోగిది పెట్టింది. ఖాళీ.

రోగి దిమ్మె తీసి వెలుగుకి పట్టుకుంది. ఒట్టి మైనం.

డాక్టరమ్మ కూడా చూసింది. "రంగైతే వచ్చింది," గొణిగింది. "రిపోర్టు ఎవరి పేరున రాయను?"

ఫోను మోగింది.

"అక్కా..." తోడికోడలు. ఇన్నేళ్లకి ఆ పిలుపు. "నా మంచం మీద ఎవరో పడుకున్నారు. ఒళ్లంతా చల్లగా ఉంది. జరగమంటే జరగట్లేదు."

"నర్సుని పిలువు."

"నర్సుకి కనబడట్లేదక్కా... ఈ పడుకున్నామె వంతు అయిపోయిందట. నీతో చెప్పమంటోంది."

వెనకాల మిషను చక్రం దానంతటదే ఒక చుట్టు తిరిగింది. పాత దిమ్మె నుంచి పల్చటి పొర జారింది. అంచున ఆకుపచ్చ.

ఫోనులో తోడికోడలు సన్నగా మూలిగింది.

చక్రం మళ్లీ కదిలింది...