కమానుకు కుడివైపు

“రోము గోడ కింద పాత కాలువ ఒకటుంది. రేపు మధ్యాహ్నం ఫ్రెంచివాళ్ళు అందులో మందుగుండు పెడతారట. దారి గీసిస్తున్నవాణ్ణి పట్టుకో,” అన్నాడు పోపుగారి రహస్య శాఖ కార్యదర్శి.

“కబురు ఎవరిది?”

“ఎర్సీలియా దొరసానిది.”

రెండు పడవల మీద కాళ్ళు పెట్టి కూడా మునగని మనిషి ఆవిడ. ఏజెంట్ నేవియో శిథిలాలు గీసేవాళ్ళ కార్ఖానాలు వెతకడానికి బయల్దేరాడు.

పెట్టుడు గడ్డంతో, జర్మన్ వర్తకుడి వేషంలో ముసలి ఫుల్జెన్సియో కార్ఖానాకు వెళ్ళాడు. శిథిలాలను రాగిరేకు మీద గీసి, అచ్చు తీసి అమ్మడం ముసలాయన వృత్తి. నేవియోకు ఆ పని నేర్పిందీ ఆయనే.

“గడ్డం అంటిస్తే చేతులు మారతాయట్రా? ఇంకా రేకును వేళ్ళతో తడుముతూనే ఉన్నావు,” అన్నాడు ముసలాయన.

రేకు మీద కూలిన స్నానశాలల కమాను. దానికి కుడివైపు, పొదల మాటున కాలువ నోరు. ఉన్నది ఉన్నట్టు!

“ఎవరికి, గురువుగారూ?”

“ఎర్సీలియాకి. నా మనవరాల్ని ఇంట్లో బందీగా పెట్టుకుని అడిగితే కాదనగలనా?”

నేవియో రిపోర్టు రాశాడు. సైనికులు లాక్కుపోతుంటే ముసలాయన, “అచ్చు తీసి చూశావా నాయనా?” అని మాత్రం అడిగాడు. చాదస్తం అనుకున్నాడు నేవియో.

మర్నాడు పొద్దున్నే ఉరితీశారు.

మధ్యాహ్నం నేవియో కమాను కుడివైపు కాపు కాశాడు. ఎవరూ రాలేదు. ఉన్నట్టుండి ఎడమవైపు కేకలు! అక్కడున్నది కాపలావాళ్ళ నేలమాళిగ. అన్నం వేళకు ద్రాక్షసారా కోసం దిగినవాళ్ళు లోపల ఇద్దరు ఫ్రెంచివాళ్ళ మీద పడ్డారు. మందుగుండు పీపాకు జానెడు దూరంలో వత్తి కాలుతోంది. నేవియో పరుగున దిగి, బూటుతో తొక్కి ఆర్పేశాడు.

ఒకడి జేబులో ఆ రేకు నుంచి తీసిన అచ్చుబొమ్మ దొరికింది. అందులో కాలువ ఎడమవైపు ఉంది.

రేకు మీది కుడి కాగితం మీద ఎడమవుతుంది. అందుకే రేకు మీద తిరగేసి గీయాలి. మొదటిరోజే చెంపదెబ్బతో నేర్పిన పాఠం. నలభై ఏళ్ళలో ఒక్కసారీ మరిచిపోని మనిషి, శత్రువును కావాలనే కాపలావాళ్ళ చేతుల్లోకి పంపాడు. పిల్ల ప్రాణం కోసం ఆ సంగతి బయటపెట్టలేదు.

సాయంత్రం కార్యదర్శి పక్కనే ఎర్సీలియా కూర్చుని ఉంది.

“బహుమతి ఏం కావాలోయ్?” అన్నాడు కార్యదర్శి.

“గురువుగారి మనవరాలు.”

“తీసుకెళ్ళు. ఇక నాకెందుకు?” అని ఆవిడ విసనకర్ర విప్పుకుంది.

కార్యదర్శి ఆ అచ్చుబొమ్మకు చట్రం కట్టించి అప్పుడే గోడకు తగిలించాడు. ఆయన పుట్టి పెరిగింది ఆ కమాను పక్క వీధిలోనే.

“ద్రోహి అయితేనేం, చెయ్యి మాత్రం గొప్పది,” అన్నాడు. “అచ్చం అలాగే గీశాడు!”