రేవింటి విస్తరి

మా హొళెబాగిలులో రేవు దగ్గరి పెంకుటింటి వైపు చీకటిపడ్డాక ఎవరూ పోరు. ఆ ఇంటి చిన్నకొడుకు ఉమేశ తల్లితో గొడవపడి ఏట్లో పడి చచ్చిపోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంటి పెరటి తలుపు గొళ్ళెం వేసినా… తెల్లారేసరికి తెరిచే ఉంటుందని చెప్పుకుంటారు.

కరుణాకర బంగేరకి ఈ సంగతి తెలీదు. మా వైపు మనిషే గానీ, ముంబైలో హోటలు పెట్టుకుని మా పద్ధతులన్నీ మరిచిపోయాడు. ధర్మస్థల పోతూ, దారిలో మా ఊరు చూసి ముచ్చటపడి బస్సు దిగేశాడు. ఏటి ఒడ్డు, నాచు పట్టిన పెంకులు, గుమ్మాల ముందు మందారాలు… "ఎంత బాగుందీ! ఇక్కడే ఉండిపోవాలనిపిస్తోంది" అన్నాడట. వచ్చినవాళ్ళంతా అదే మాట అంటారు. వింటే మాకు ఒళ్ళు మండుతుంది.

ఆఖరి బస్సు రాలేదు. ఆటి నెల, అంటే ఆషాఢం, అమావాస్య. ఒకటే వాన. పొద్దున నవ్వుతూ టీ పోసిన కొట్టు కూసప్పే కిటికీ సందులోంచి కసిరాడు.

"పోవయ్యా పో! ఇవాళ ఎవడు తట్టినా తలుపు తియ్యం."

"అన్నా, పొద్దుట్నుంచి తిండి లేదు…"

"అయితే చావు!"

కిటికీ మూసుకుంది. వీధంతా అదే మర్యాద.

తిట్టుకుంటూ రేవు దాకా నడిచాడు. అక్కడొక్కచోటే దీపం కనిపించింది. ఏటి వైపు పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల అరటాకులో కోడికూర, రొట్టె… పక్కన గ్లాసులో కల్లు, మడతపెట్టిన కొత్త చొక్కా. మనిషి మాత్రం లేడు.

"ఎవరండీ?" అన్నాడు. ఇంటాయన స్నానానికి వెళ్ళాడు కాబోలనుకున్నాడు. కూర వాసనకి ఆకలి ఆగలేదు. కూర్చుని ఆకు ఊడ్చేశాడు.

అప్పుడు వినిపించింది — వీధి తలుపు అవతల, అరుగు మీద గుసగుస.

"ఇంక లే అమ్మా. ఏటేటా వడ్డిస్తున్నావు, మెతుకైనా ముట్టాడా? వాడికి నీ మీద పగ." అది పెద్దకొడుకు జయానంద గొంతు.

"వానలో బయటికి గెంటింది నేనే కదరా… తింటే క్షమించినట్టు. ఈసారీ ముట్టకపోతే నేనూ ఆ ఏట్లోకే పోతాను."

కరుణాకర ఆకు మీంచి చెయ్యి తీసేశాడు. చిన్నప్పుడు అవ్వ చెప్పింది ఇప్పుడు గుర్తొచ్చింది. ఆటి అమావాస్యకి చచ్చినవాళ్ళకి విస్తరి వేసి, వీధి తలుపు మూసి, ఇంటివాళ్ళు బయట కూర్చుంటారు. తను తిన్నది ఆ కూడు!

లేచి పారిపోదామనుకున్నాడు. ఇంతలో ముసలి చెయ్యి తలుపు మీద మెల్లగా తట్టింది.

"ఉమేశా… తిన్నావా నాన్నా? కోపం తగ్గిందా?"

జాలేసింది. ఒక్క మాటతో ఆ తల్లి ప్రాణం నిలబడుతుంది కదా అనుకున్నాడు. గొంతు తగ్గించి —

"తగ్గిందమ్మా" అన్నాడు.

అవతల ముసలిది బావురుమంది. "విన్నావురా జయానందా? తగ్గిందన్నాడు!"

పోనీలే, ఓ మంచి పని చేశాననుకున్నాడు కరుణాకర. అలికిడి చెయ్యకుండా పెరటి వైపు తిరిగాడు.

పెరటి తలుపు మూసి ఉంది. దానికి ఆనుకుని… ఒళ్ళంతా నీళ్ళు కారుతూ ఒకడు నిలబడ్డాడు. ఖాళీ ఆకు వంకే చూస్తున్నాడు.

"తగ్గలేదమ్మా…" అన్నాడు వాడు. "నా కూడు వీడు తినేశాడు."