గోడ మింగిన తలుపు

"ఇవాళ ఈ గుహకి వెలుగు తెప్పించకపోతే నన్ను పేరు మార్చి పిలవండి!"

ఆదివారం పొద్దున, టీ గ్లాసు ఇంకా చేతిలో ఉండగానే కోడలు ఈ శపథం చేసింది. విన్నవాళ్లు ఇద్దరే. ఒకరు ఆమె భర్త, బస్సు డ్రైవరు. డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఇంకొకరు అత్తగారు.

గుహ అనడంలో అబద్ధమేమీ లేదు. వీధి గది నుంచి వంటింటి దాకా పొడుగ్గా సాగిన ఆ నడవాకి కిటికీ అన్నదే లేదు. ఒక పక్క పడకగదులు, ఇంకో పక్క స్నానాలగది, పాతసామాన్ల గది. గోడలకి ఏ కాలం నాటిదో వెలిసిపోయిన ఆకుపచ్చ రంగు, తలుపులకీ గుమ్మాలకీ ముదురు గోధుమరంగు. మిట్టమధ్యాహ్నం కూడా లైటు వేసుకుని నడవాల్సిందే.

"పెయింటర్ని పిలుద్దామంటే వినవు కదా," అన్నాడు భర్త.

"కేకుల మీద గులాబీలు పూయించే చెయ్యండీ ఇది! గోడ ఒక లెక్కా?"

గొప్పలకి అన్న మాట కాదది. బేకరీలో ఆమె అలంకరించిన కేకు కొయ్యడానికి జనానికి చేతులు రావు. అతను నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఆమె దుకాణం నుంచి తెచ్చిన రంగుల అట్టలు పట్టుకుని అత్తగారి పక్కన చతికిలబడింది.

"అత్తయ్యా, ఈ రెండిట్లో ఏది బాగుంది?"

అత్తగారు అట్టల వైపు తల వంచింది. "రెండూ బాగానే ఉన్నాయి. నీకు నచ్చింది వేసుకో తల్లీ."

వినడానికి ఎంత తియ్యగా ఉంది! జీవితమంతా కుట్టుమిషను మీద గడిపిన మనిషి, దారం రంగు ఆవగింజంత తేడా వస్తే దుకాణానికి తిప్పి పంపేది. అలాంటి మనిషి మారు మాట్లాడకుండా ఒప్పుకుందంటే కోడలి ఆనందం చెప్పాలా? వెన్నముద్ద రంగు ఎంచుకుంది.

"తలుపుల జోలికి మాత్రం పోకు," అంది అత్తగారు, లేచి వెళుతూ.

"అదేంటత్తయ్యా! గోడ ఒక రంగు, తలుపు ఒక రంగు అయితే ఇరుగ్గా కనిపిస్తుంది. అన్నీ ఒకే రంగైతే ఎంత విశాలంగా ఉంటుందో!"

"ఆ గోధుమరంగుకేం వచ్చింది? నిక్షేపంలా ఉంది."

కోడలు ఆ మాటని ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది. గోడలు, గుమ్మాలు, తలుపులు, చివరికి తలుపుల పిడులు కూడా వదల్లేదు. వీపు విరిగింది, జుట్టులో రంగు గట్టిపడింది. కానీ పని పూర్తయ్యాక నడవా నిజంగానే వెలిగిపోయింది. భర్త ఇంట్లో అడుగుపెట్టి, "పొరపాటున పక్కింట్లోకి వచ్చానా?" అన్నాడు. ఆమె కడుపు నిండిపోయింది.

నిండిన కడుపు మండడానికి ఎంతోసేపు పట్టలేదు. మర్నాడే స్నానాలగది తలుపు పిడికి ఒక పాత గుడ్డపేలిక వేలాడుతూ కనిపించింది. మెరూన్ రంగుది, అంచులు చిరిగింది. విప్పి లోపల పడేసింది. సాయంత్రానికి మళ్లీ అక్కడే ఉంది. మళ్లీ తీసింది. మళ్లీ వచ్చింది. ఇద్దరూ నోరు విప్పకుండా ఆ పేలిక మీద యుద్ధం చేశారు.

"అడకత్తెరలో పోకచెక్కలా నన్ను మధ్యలోకి లాగకండి," అని భర్త ముందే తప్పుకున్నాడు.

బేకరీలో తోటివాళ్లు నడవా చూడటానికి వస్తామన్న రోజు ఆమె ఓపిక చచ్చిపోయింది. పేలికని విప్పి అత్తగారి ముందు ఆడించింది.

"ఇదేం కక్ష అత్తయ్యా? నేను ఒళ్లు హూనం చేసుకుని వేసిన రంగు మీద ఈ మసిగుడ్డ ఎందుకు? నచ్చకపోతే మొహం మీదే చెప్పండి!"

"నాకది అక్కడ ఉండాలి."

"ఎందుకని?"

"ఎందుకో ఏమిటి? నా ఇల్లు, నా గుడ్డ!"

"ఓహో, మీ ఇల్లా! అయితే నేనెవర్ని?"

కోడలు పేలికని చెత్తబుట్టలో కుక్కి, మొహం కడుక్కుని, వచ్చినవాళ్లకి నవ్వుతూ ఎదురెళ్లింది.

వాళ్లు నడవా అంతా తిరిగి చూసి, మెచ్చుకుని, వీధి గదిలో కూర్చున్నారు. అత్తగారు కాసేపు వాళ్లతో సరదాగానే మాట్లాడి, లేచి లోపలికి వెళ్లింది. ఎంతకీ రాలేదు. అలిగిందేమో, పదిమంది ముందు పరువు తీస్తుందేమో అని గొణుక్కుంటూ కోడలు నడవాలోకి తొంగి చూసింది.

అత్తగారు గోడకి రెండు అరచేతులూ ఆనించి నిలబడి ఉంది. చేతులు గోడంతా తడుముతున్నాయి. స్నానాలగది తలుపు ఆమె భుజానికి బారెడు దూరంలోనే ఉంది. బట్టలు తడిసిపోయి, కాళ్ల కింద నేల మీద తడి పాకుతోంది.

"గుడ్డ ఏదే?" అంది అత్తగారు, గోడతో చెబుతున్నట్టు, చాలా మెల్లగా.

కోడలు వీధి గది తలుపు దగ్గరగా వేసి, అత్తయ్యకి ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చినవాళ్లని సాగనంపింది. తిరిగొచ్చి అత్తగారిని స్నానాలగదిలోకి తీసుకెళ్లి, బట్టలు మార్చింది. అంత నోరున్న మనిషి చిన్నపిల్లలా చేతులెత్తమంటే ఎత్తింది. అది చూడలేక కోడలు మొహం తిప్పుకుంది.

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"చాన్నాళ్లైంది. పాత తలుపులు నల్లగా మచ్చల్లా తెలిసేవి, వాటిని బట్టి నడిచేదాన్ని. ఇప్పుడీ పాడుగోడ తలుపుల్ని మింగేసింది."

"డాక్టరు దగ్గరికి వెళదాం. ఇప్పుడే!"

"వెళ్లొచ్చాను. నా దగ్గర కుట్టు నేర్చుకున్న పిల్లని తోడు తీసుకెళ్లాను. పోయిన చూపు ఇక రాదట. మందులు వేసుకుంటే మిగిలిన ఆ కాస్తా నిదానంగా పోతుందట."

"మాకెందుకు చెప్పలేదు? నేను పరాయిదాన్నా?"

"చెబితే చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. ఒకసారి పట్టుకుంటే ఇక వదలరే. నా అడుగు నేను వెయ్యగలిగినన్నాళ్లు వెయ్యనివ్వండి, అంతే నేను కోరేది."

కోడలు ఏడ్చింది. తిట్టుకుంది. ఆ రంగు వేసిన చేతుల్ని నరుక్కోవాలనిపించింది. అరిచినా, మొక్కినా, ఉన్నదంతా ఊడ్చి పెట్టినా ఆ కళ్లు తిరిగిరావు. ఏం చెయ్యగలదు?

ఆమెకి తెలిసిన పని ఒక్కటే. మర్నాడు పొద్దున్నే మళ్లీ రంగుల అట్టలు తెచ్చింది. అత్తగారిని నడవా ఈ చివర నిలబెట్టి, తను ఆ చివరికి వెళ్లి ఒక్కొక్క అట్టా గోడకి ఆనించి పట్టుకుంది.

"ఇది కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"ఇది?"

"భేషుగ్గా కనిపిస్తోంది. ఊరికే కంగారుపడకు, నువ్వనుకున్నంత ఘోరంగా లేదులే."

కోడలికి అనుమానం వచ్చింది. అట్టలు కింద పెట్టి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"ఇది, అత్తయ్యా?"

"ఆఁ, అన్నిట్లోకీ ఇదే బాగుంది. ఇదే వేసెయ్."

కోడలు ఖాళీ అరచేతులు ముందుకి చాపింది.

"నా చేతిలో ఏమీ లేదత్తయ్యా."

అత్తగారి మొహంలో నవ్వు మెల్లగా చెదిరిపోయింది. గోడకి ఆనుకుని అక్కడే కూర్చుండిపోయింది. "నీ సంబరం పాడుచెయ్యకూడదని ఆ రోజూ ఇలాగే చెప్పానే," అంది. ఆ తర్వాత మాత్రం అబద్ధమాడలేదు. కనిపించకపోతే లేదంది, మసగ్గా ఉంటే మసగ్గా ఉందంది. చివరికి ముదురు నీలం దగ్గర, "ఆగు, అక్కడేదో ఉంది," అంది. అది కూడా కోడలు సగం దూరం దగ్గరికి వచ్చాకే.

గుమ్మాలన్నిటికీ, తలుపులకీ నీలం పడింది. వెన్నముద్ద మీద సిరా ఒలికినట్టుంది. అందం మాట దేవుడెరుగు, అత్తగారు ఎవరి సాయమూ లేకుండా స్నానాలగదికి వెళ్లి వచ్చింది. భర్త చప్పట్లు కొట్టబోయి, తల్లి మొహం చూసి, కళ్లు తుడుచుకుంటూ డ్యూటీకి వెళ్లిపోయాడు.

"ఈ రంగు నాకెన్నాళ్లు పనికొస్తుందంటావు?" అంది అత్తగారు.

"తెలీదత్తయ్యా," అంది కోడలు. అబద్ధం చెప్పాలని నోటిదాకా వచ్చినా చెప్పలేకపోయింది.

అత్తగారు తల ఊపి, నడవా మొదట్లోకి వెళ్లి నిలబడింది. ఈసారి కళ్లు గట్టిగా మూసుకుంది. వేళ్లు గోడకి రాస్తూ అడుగు వేసింది.

"అయ్యో, కాస్తో కూస్తో కనిపిస్తుండగా కళ్లు మూసుకోవడం దేనికి?"

"ఉన్నప్పుడే నేర్చుకోవాలి. పోయాక ఎవరు నేర్పుతారు?"

కోడలు చెయ్యి ముందుకు చాచి, మళ్లీ వెనక్కి లాక్కుంది. పట్టుకోకూడదు. పట్టుకోకుండా చూస్తూ ఉండటం ఇంత కష్టమని ఆమెకి ఇంతవరకూ తెలియదు. అత్తగారు ఒక గుమ్మం దాటింది, రెండోదాని దగ్గర తడబడింది, తమాయించుకుంది. పక్కకి వాలి, నడవా మధ్యలో కొయ్యబారి నిలబడ్డ కోడలికే వచ్చి తగిలింది. ఆ వేళ్లు ఆమె భుజాన్ని, మెడని, తడిసిన చెంపని తడిమాయి.

"ఇది గోడ కాదు," అంది అత్తగారు.

కళ్లు తెరవలేదు. చెయ్యి కూడా తియ్యలేదు.