సగం మొహానికే నూనె

మధ్యాహ్నం రెండుంబావు. చండ్రుగొండ అవతల, అడవి అంచున మిర్చి కళ్లం. ఒంటి గంటకు అన్నానికి పోయిన కూలీలు తిరిగొచ్చేసరికి లాల్‌సింగ్ మిర్చి రాశిలో బోర్లా పడి ఉన్నాడు. ఎవరో మెడ పట్టి మొహాన్ని రాశిలోకి అదిమారు. ఊపిరాడక చచ్చాడు.

ఎస్సై సువర్ణ వస్తూనే మూడుసార్లు తుమ్మింది. అక్కడ శవం తప్ప తుమ్మని వాళ్లు లేరు.

అనుమానితులు ఇద్దరు. ఒకడు గట్టు తగాదా ఉన్న బలరాం. రెండోవాడు కోటేష్. ఆరు నెలల కిందట లాల్‌సింగ్ తాగి నడిపిన ట్రాక్టర్ బోల్తా పడి కోటేష్ భార్య లాలి చనిపోయింది. కోటేష్ దవడ విరిగితే ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు.

"ఒంటి గంటకు యాడున్నవ్ బలరాం?"

"మా కళ్లంల బస్తాలు తొక్కుతున్న మేడం. మొహమంతా ఒకటే మంట. సూడుండ్రి, కొబ్బరినూనె రాసుకున్న."

"నువ్వు?"

"ఖమ్మం దవాఖానాకు పోయొచ్చిన," అన్నాడు కోటేష్. "ఇప్పుడే బస్సు దిగిన. మిర్చి మొహం సూసి ఆర్నెల్లయింది."

"డాక్టర్ ఏమన్నడు?"

"చీమలు పాకినట్టయితే నరం తిరిగొస్తున్నట్టట. ఒక్క చీమ పాకలే మేడం." కుడి గడ్డం తడుముకున్నాడు. "లాలి పానం పోయేటప్పుడు గీడనే పట్టుకున్నది. గప్పటిసంది గీడ స్పర్శ లేదు. ఆమె చెయ్యి ఇంకా తియ్యనట్టే ఉంది."

కానిస్టేబుల్ టీ తెచ్చాడు. కోటేష్ తాగాడు. కుడి పెదవి మూల నుంచి టీ కారి గడ్డం కిందికి జారింది. అతనికి తెలియనే లేదు.

ఆమె చూపు ఆ టీ చార వెంట నడిచి ఆగిపోయింది.

"కోటేష్, బలరాం మొహమంతా నూనె రాసుకున్నడు. నువ్వు సగమే రాసుకున్నవ్. ఎందుకు?"

కోటేష్ చెయ్యి ఎడమ చెంప మీదికి పోయింది.

"మంట తెలిసిన కాడికే రాసినవ్. ఎడమ దిక్కు నిగనిగలాడుతున్నది. కుడి గడ్డం ఎర్రగ పొంగి బొబ్బలెక్కింది. బస్సుల మిర్చి ఘాటు యాడ తగిలింది?"

కోటేష్ తల దించాడు.

"బస్సు దిగి గిట్లనే నడిచొస్తున్న మేడం. లాల్‌సింగ్ మళ్ల తాగిండు. మళ్ల గదే ట్రాక్టర్ ఎక్కబోయిండు. కూలీ ఆడోళ్లను దింపొస్తడంట. నా వల్ల కాలే."

నాలుగూ పదికి బేడీలు పడ్డాయి. జీపు ఎక్కబోతూ కోటేష్ ఠక్కున ఆగాడు. రెండు చేతులూ ఎత్తి గడ్డం పట్టుకున్నాడు.

"మేడం... చీమలు. మండుతున్నది మేడం, మండుతున్నది!"

సువర్ణ గబగబా నూనె సీసా అందుకుంది. అతను వద్దని తల ఊపి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"లాలి చెయ్యి తీసేసింది మేడం."