ఎర్రగీత దాటిన మంత్రం

అమావాస్య... ఆదివారం... మిట్టమధ్యాహ్నం!

కళింగపట్నం రేవు మీద పట్టపగలే కాళరాత్రి కమ్ముకుంది. సముద్రగర్భం నుంచి లేచిన కారుమేఘాలు ప్రచండ భాస్కరుణ్ణి కబళించేశాయి. వంశధార కడలిలో కలిసే చోట కెరటాలు క్రోధోన్మత్తంగా గర్జిస్తున్నాయి. తాటితోపులో గుడ్లగూబ కూసింది... పగటిపూట!

ఆ తోపు నడుమ, చితాభస్మంతో గీసిన ముగ్గులో కూర్చుని ఉన్నాడు సోములు. చిల్లంగి చేతబడి పేరు చెప్పి పది ఊళ్ళను గడగడలాడిస్తున్న మాంత్రికుడు! అతని ఎదుట ఎర్రమందారాల మధ్య ఒక కపాలం. దాని కంటిగుంటల్లో ఆముదపు దీపాలు... ఎంత గాలికీ ఆరడం లేదు!

అక్కడికి రెండు ఫర్లాంగుల దూరంలో, పాడుబడిన రేవు గోదాములో, పద్మకుమారి మిక్సరు ముందు కూర్చుంది.

శ్రీకాకుళంలో రేడియోలు బాగుచేసే జగన్నాధం కూతురామె. ఇరవై రెండేళ్ళది. పదేళ్ళ కిందట తండ్రికి చూపు మందగించాక మైకుసెట్టూ, టేపురికార్డరూ ఆమె చేతికే వచ్చాయి. ఈ రోజు వచ్చిన పని దేముడమ్మ పాటను రికార్డు చేయడం. డెబ్భై ఏళ్ళ దేముడమ్మకు తప్ప ఆ జముకుల పాట ఆసాంతం ఇంకెవరికీ రాదు. ఇలాగే ఊళ్ళను భయపెట్టిన సోములు వాళ్ళ తాతను ఊరి ఆడవాళ్ళంతా ఏకమై ఏటి అవతలికి తరిమేసిన కథ అది. అది టేపుకెక్కి ఊరూరా మోగితే ఇక సోముల్ని చూసి భయపడేదెవరు?

"పాడితే నెత్తురు కక్కుకుంటావే ముసిల్దానా!" అని ముందురోజే అతను వాకిట్లో నిమ్మకాయలు కోసి పోయాడు.

"కక్కితే కక్కుతాను. పాడీసే కక్కుతాను," అంది దేముడమ్మ.

గోడలు ప్రతిధ్వనించకుండా పద్మకుమారి వలలూ గోనెలూ వేలాడదీసింది. మొదటి మైకు దేముడమ్మకు. రెండోది జముకు వాయించే రాముడికి. మూడోది వంతపాడే మనవరాలు చిన్నతల్లికి. బయట ఊరివాళ్ళు వినడానికి కప్పు మీద ఒక హారను.

"గట్టిగా ఎత్తుకునే సరణం పాడు మామ్మా. ముందు అదే సూసుకుంటాను," అంది పద్మకుమారి. మీటరు మీద సూది ఎంత ఎగిరినా ఎర్రగీతకు ఇవతలే ఆగాలి. దాటిందా... గొంతు పగిలిపోతుంది. అక్షరాలు ముక్కలైపోతాయి.

దేముడమ్మ ఇంకా నోరు తెరవనే లేదు...

సూది లేచింది!

పద్మకుమారి చెవులకున్న హెడ్‌ఫోనులో బుసబుసమంటూ ఏదో శబ్దం... పాతాళం నుంచి వస్తున్నట్టు! వైరు వదులైందనుకుంది. మొదటి నాబు పూర్తిగా తగ్గించింది. శబ్దం ఆగలేదు. రెండోది తగ్గించింది. ఆగలేదు. మూడోది తగ్గించింది... నిశ్శబ్దం!

తల ఎత్తి చూసింది.

చిన్నతల్లి జుట్టు విరబోసుకుని ఊగిపోతోంది. కళ్ళు తెల్లగుడ్లు తేలేశాయి. ఆ పదహారేళ్ళ పిల్ల నోట్లోంచి కర్ణకఠోరమైన సోములు గొంతు... బీజాక్షరాలు ఒక్కొక్కటే స్పష్టంగా, సర్పాల్లా జారి పడుతున్నాయి!

"బాబోయ్! సిల్లంగి!" రాముడు జముకు వదిలేసి పరుగు లంకించుకున్నాడు. బయట జనం చెల్లాచెదురయ్యారు.

"ఈ గుంట గొంతు నాదే!" పిల్ల నోట సోములు వికటాట్టహాసం చేశాడు. "నూటెనిమిదో మారుకి పేనం గూడా నాదే! పెట్టె కట్టేసి పొండి!"

దేముడమ్మ మనవరాలి నోరు మూయబోయింది. అదృశ్యహస్తమేదో ఆమెను గోడకేసి కొట్టింది. పద్మకుమారి లేచి నిలబడింది. గుమ్మం నాలుగడుగుల్లో ఉంది. పారిపోవచ్చు...

"ఆడి మంత్రాన్ని ఆపలేమే అమ్మా!" ముసలామె గోడు గోడున ఏడ్చింది. "ఒక్క అచ్చరం తప్పితే ఆడి శక్తే ఆణ్ణి తినేస్తాది. కానీ ఆడి నోరు తప్పదు..."

పద్మకుమారి తిరిగి మిక్సరు ముందు కూర్చుంది.

"ఆడి నోరు తప్పకపోతే, నా నాబు తప్పిస్తాది!"

మూడో నాబు పట్టుకుని ఆఖరి దాకా తిప్పేసింది!

సూది ఎర్రగీత దాటి చివరికంటా కొట్టుకుంది. కప్పు మీది హారను బద్దలైనట్టు అరిచింది. బీజాక్షరాలు బర్రుమంటూ చీలి, తునకలై, అపభ్రంశమై తాటితోపు మీద వడగళ్ళలా కురిశాయి!

"తగ్గించు!" చిన్నతల్లి నోట సోములు ఆక్రోశించాడు. "ఒసే, తగ్గించీయే! నీ వంశం నాశనమైపోద్ది!"

"తగ్గించను! పన్నెండో ఏట నుంచి ఎవుడి గొంతూ పగలకుండా సూసుకున్నాను. నీది పగలగొట్టీసే లెగుస్తాను!"

యాంప్లిఫయరు నుంచి పొగ లేచింది. నాబు నిప్పుకణికలా కాలుతోంది. ఆమె వేళ్ళు బొబ్బలెక్కాయి. వదల్లేదు!

తోపులో కపాలదీపాలు ఒక్కసారిగా నీలంగా మారాయి. ఇన్నాళ్ళూ అతను నెత్తుటి ముద్దలు పెట్టి బానిసను చేసుకున్న మహాశక్తి... ఆ భగ్నమంత్రాన్ని విని కళ్ళు తెరిచింది. తన్ను పిలిచిన సోములు నోటివైపే తిరిగింది!

ఆకాశం నిలువునా చీలింది. పిడుగు! హెడ్‌ఫోనులో ఒకే ఒక్క ఆర్తనాదం... ఆ వెంటనే సూది సున్నాకు పడిపోయింది.

పిడుగు వెంటే కురిసిన వాన వెలిశాక తోపుకు వెళ్ళిన వాళ్ళకు ముగ్గులో పిడికెడు బూడిద కనిపించింది. కపాలం పళ్ళ మధ్య... తెగిన నాలుక!

గోదాములో చిన్నతల్లి కళ్ళు విప్పింది. "మామ్మా... ఇది నా గొంతేనా?"

"పాడి సూడే!" అంది దేముడమ్మ.

పద్మకుమారి కాలిన వేళ్ళకు తడిగుడ్డ చుట్టుకుంది. తెచ్చుకున్న రెండో యాంప్లిఫయరు తగిలించి, నాబులన్నీ సున్నాకు తెచ్చి, మళ్ళీ మొదటి నుంచీ లెవెళ్ళు చూసుకుంది. టేపు తిరిగింది. రాముడు సిగ్గుపడుతూ వచ్చి జముకు అందుకున్నాడు.

తాత కథ చెప్పే చరణం దగ్గర దేముడమ్మ ఒక్క క్షణం ఆగి, కొత్త మాట కట్టింది.

"తాతనేమో తరిమినామే ఏటి అవతలికి... మనవణ్ణేమో పంపినామే మంటి అడుక్కి..."

చిన్నతల్లి బొంగురు గొంతుతోనే వంత ఎత్తుకుంది. ఊరి ఆడవాళ్ళు ఒక్కొక్కరే తడిబట్టలతో గుమ్మంలోకి వచ్చి గొంతు కలిపారు. పద్మకుమారి ఎవరినీ వారించలేదు. అన్ని గొంతులకూ చోటుండేలా నాబులు సర్దుకుంటూ కూర్చుంది.